బుధు ఇంటి గాలి

మంచు విడకముందే ఆడవాళ్ళు కాఫీ తోటలోకి దిగారు. సిల్వర్ ఓక్ చెట్ల మొదళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. వాటిమీదికి పాకిన మిరియాల తీగలు మనిషెత్తు వరకు కనిపించి, ఆపైన తెల్లదనంలో కలిసిపోతున్నాయి. సోని నడుముకి సంచి కట్టుకుని ఒక కొమ్మని అందుకోబోయి ఆగింది. కొమ్మ వంచడానికి ఒక చెయ్యి, పండు తుంచడానికి ఒక చెయ్యి కావాలి. ఆమె ఎడమచేతి వేళ్ళు రాత్రే వాచిపోయాయి. మడతపడడం లేదు. చివరికి కొమ్మని మోచేతి మడతలో ఇరికించి, కుడిచేత్తో కోయడం మొదలుపెట్టింది. ఎర్రగా ముగ్గినవే కోయాలి. తొడిమ మాత్రం కొమ్మకే ఉండిపోవాలి. తొడిమతో సహా లాగేస్తే వచ్చే ఏడు ఆ కణుపు దగ్గర కాయ పట్టదు. ఆకులమీది మంచునీళ్ళు జాకెట్టు చేతుల్లోంచి లోపలికి కారుతున్నాయి.

పక్క వరసలో కోస్తున్న కనక ఆమెనే చూస్తోంది. కనకది ఎదురిల్లు.

"ఏటే సోనీ, ఆ ఏళ్ళు అలగున్నాయి?"

సోని ఆ చేతిని కొమ్మ వెనక్కి జరిపింది. కనక చూపు వేళ్ళమీంచి మెడమీదికి వెళ్ళింది.

"మళ్ళీ వచ్చిందేటి గాలి?" అంది గొంతు తగ్గించి. అడిగి, తన చీరకొంగు సోనికి తగలకుండా దగ్గరికి లాక్కుంది.

బుధు ఇంటి గాలి గురించి ఆ గూడెంలో తెలియనివాళ్ళు లేరు. బుధు సోనికి మామ. ఆయన పోయి చాలాకాలమైంది. ఆయన బతికున్నప్పుడే ఆయన తల్లి తోట కింద పారే గెడ్డలో పడి చచ్చిపోయిందట. ఆ ముసిలి గాలై ఇంటిని పట్టుకుందనీ, ఆ ఇంటికి వచ్చిన కోడలి ఒంట్లో దూరి మొగుడి చెయ్యి లేపిస్తుందనీ చెప్పుకుంటారు. కొట్టేది మొగుడే. కొట్టించేది మాత్రం గాలి. ఆ గాలి కాపురం ఉండేది ఆడదాని ఒంట్లో.

మొగుడు నచ్చకపోతే వెళ్ళిపోవడం ఆ కొండజనంలో తప్పు కాదు. సోని చిన్నమ్మ అలాగే వెళ్ళి ఇంకొకరిని కట్టుకుని సుఖంగా ఉంది. కానీ గాలి పట్టినదాన్ని ఏ ఇల్లూ రానివ్వదు. కొర్రలు కోసే రోజుల్లో సోని పుట్టింటికి పారిపోతే, తండ్రి వాకిట్లోనే విస్తరి వేయించాడు. మర్నాడు అన్న రవిబాబు బండిమీద వెనక్కి తెచ్చి దింపాడు.

తోటలో ఉన్నట్టుండి మాటలన్నీ ఆగిపోయాయి. కిందినుంచి, గెడ్డ వైపు నుంచి, దగ్గు వినిపించింది. ముసలి దగ్గు. ఆ తర్వాత ఎవరో మెల్లిగా మాట్లాడుతున్నట్టు.

"ముసిలి," అంది ఎవరో.

ఆడవాళ్ళు ఒక్కరొక్కరే పై వరసల్లోకి జరిగారు. సంచులు ఆకుల్ని రాసుకుంటూ దూరమయ్యాయి. సోని ఒక్కతే మిగిలింది. పట్టాల్సిన గాలి తనకి ఎలాగూ పట్టింది, ఇంక భయపడి చేసేదేముంది అనిపించింది. కొమ్మ వదిలేసి, చెట్ల మొదళ్ళు పట్టుకుంటూ కిందికి దిగింది.

గెడ్డ ఒడ్డున నల్లరాయి ఉంది. ఆ రాతి దగ్గర వంగి ఉన్నది అత్త. అడ్డాకు దొన్నెలో అంబలి పోసి రాతిమీద పెడుతోంది. మళ్ళీ దగ్గి, రాతివైపు చూసి, ఇంట్లో ఎన్నడూ వినని మెత్తటి గొంతుతో అంది.

"తాగే. సల్లారిపోతాది. సూడు, నీకంటే నాను ముసిలినైపోనాను."

సోని రాతివైపు చూసింది. రాతిమీద ఎవరూ లేరు. కిందినుంచి నీళ్ళ చప్పుడు వస్తోంది. ఆమె అడుగు చప్పుడు కాకుండా వెనక్కి నడిచింది.

*

మధ్యాహ్నానికి ఎండ వచ్చింది. కోసిన పళ్ళని నీళ్ళలో పోసి, తేలిన తాలుకాయలు ఏరి పారేశాక, అత్త చేతిమిషను తిప్పుతుంటే సోని పైనుంచి పళ్ళు పోసింది. ఎర్రతొక్క ఒకవైపు, జిగట గింజలు ఇంకోవైపు పడుతున్నాయి. మొన్న నానబెట్టిన గింజల్ని తొట్టిలో కాళ్ళతో తొక్కి, జిగురు పోయేదాకా కడిగి, వాకిట్లో టార్పాలిన్ మీద పరిచారు. పనిలో అత్త మాట్లాడదు. సోని వాచిన చెయ్యి చూసి మిషను పిడి తనే పట్టుకుంది. అంతే.

సోని మొగుడు కామేష్ జీపు దిగి వచ్చాడు. మబ్బులు చూడడానికి వచ్చే టూరిస్టుల్ని తెల్లారకముందే కొండమీదికి తీసుకెళ్ళి తెస్తాడు. చేతిలో బజ్జీల పొట్లం ఉంది. సోని పక్కన గొంతుక్కూర్చుని, వాచిన వేళ్ళని తన అరచేతిలోకి తీసుకుని చూశాడు.

"నొప్పెడతందా?"

ఆమె తల ఊపింది.

"నాకేటీ గేపకం నేదే. నీ తోడు. అది వచ్చిందంటే నా కళ్ళకి సీకటి కమ్మీసినట్టుంటాది. నాను కాదది. నీకూ తెలుసు కదా?"

అతని కళ్ళలో నీళ్ళున్నాయి. అవి నిజమైన నీళ్ళే. సోని బజ్జీ తింది. రాత్రి తనని కొట్టింది ఇతనే. ఇప్పుడు తన చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నదీ ఇతనే. ఈ ఇద్దరి మధ్యా నిజంగానే ఇంకెవరో ఉండి ఉంటారా? కొన్నాళ్ళుగా ఆమెకి తన ఒంటిమీద తనకే అనుమానంగా ఉంది. కడవలో నీళ్ళలోకి వంగితే, తన ముఖం వెనక ఇంకో ముఖం ఉందేమోనని చూసుకుంటోంది.

పొద్దువాలేముందు అత్తా కోడళ్ళు ఊట దగ్గరికి స్నానానికి వెళ్ళారు. అత్త చీర నడుముకి దించి, వీపు తోమమంది. ఎప్పుడూ అడగని పని. భుజం పట్టేసిందట. సోని కొబ్బరిపీచుతో తోముతూ చెయ్యి ఆపేసింది. మెడ కిందినుంచి నడుము దాకా, వెన్నుకి అటూ ఇటూ, గింజ ఎండిన చిక్కుడుకాయల్లాంటి మచ్చలు.

"అత్తా, ఇయ్యేటి?"

"వాతలు."

"ఎవులెట్టినారు?"

"దిసారి. ఇప్పుడున్నోడి తండ్రి. గాలి దిగాలని ఎట్టినాడు."

గూడెంలో మంచిరోజు చూడాలన్నా, విత్తనం చల్లాలన్నా, గాలిని తోలాలన్నా దిసారే. సోని ఆ మచ్చలమీద వేలు పెట్టలేక, పక్కనుంచి నీళ్ళు పోసింది.

"దిగిందా?"

"దిగింది."

"ఎప్పుడు?"

"మీ మావ సచ్చిపోయినప్పుడు."

అలవాటుగా వచ్చిన జవాబది. కానీ అన్నాక అత్త చెంబు పైకెత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది. చెంబులోంచి నీళ్ళు సన్నగా కారి ఆమె మోకాలిమీద పడుతున్నాయి.

"మరి మళ్ళీ ఎప్పుడొచ్చింది?" అంది సోని.

"కామేషు నిన్ను తెచ్చినాక."

"మజ్జినన్నేళ్ళూ ఎక్కడికెల్లిపోనాది?"

సోని దెప్పాలని అడగలేదు. తన ఒంట్లో ఉన్నదేదో, అది ఎక్కడ తిరిగి తనని వెతుక్కుంటూ వచ్చిందో తెలుసుకోవాలని అడిగింది. అత్త చెంబు దింపి, చీర కప్పుకుని, ఒళ్ళు తుడుచుకోకుండానే దారి పట్టింది. దారిలో ఒకచోట ఆగి, వెనక్కి తిరిగి, సోనిని చూసింది. ఆ చూపు తనని దాటి ఎవరినో చూస్తున్నట్టు ఉంది. సోని కూడా వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

*

మర్నాడు సాయంత్రం కామేష్ తొందరగా వచ్చేశాడు. తాగలేదు. మంచు దట్టంగా ఉండి మబ్బులు కనిపించలేదని బండి ఎక్కినవాళ్ళు గొడవపెట్టారట. కాళ్ళు కడుక్కుని, ఫోను ఎక్కడుందని అడిగాడు. సోని ఇచ్చింది. అతను వేలితో పైకీ కిందికీ జరిపి చూశాడు.

"మీ అన్నకి ఫోను సేసినావు."

"అమ్మకి బాగునేదంటే..."

అతను లేచి వాకిలివైపు చూశాడు. అరుగుమీద అత్త రాజ్‌మా చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఎండిన కాయ టప్పున పగిలి, గింజలు చేటలో పడుతున్నాయి. కామేష్ తలుపు వేశాడు. గడియ పెట్టాడు. తర్వాత ఎడమచేతి వాచీ బెల్టు విప్పి, అద్దంమీద మరక ఉంటే బొటనవేలితో తుడిచి, గూట్లో దీపం పక్కన జాగ్రత్తగా పెట్టాడు.

సోని ఆ వాచీనే చూస్తూ ఉండిపోయింది. కళ్ళకి చీకటి కమ్మినవాడికి మరక ఎలా కనిపించింది?

మొదటి దెబ్బకి గోడకి తగిలింది. ఆమె అరవలేదు. అరిస్తే గాలి అరిచిందంటారు. బయటి చప్పుడు మీద మనసు పెట్టింది. టప్పున కాయ. జలజలా గింజలు. మళ్ళీ కాయ. ఇంతకుముందు కూడా ఆ చప్పుడునే పట్టుకుని ఉండేది. ఆ చప్పుడు ఉన్నంతసేపూ బయట లోకం ఉన్నట్టు. ఈసారి మధ్యలో అది ఆగిపోయింది. ఎంతకీ మళ్ళీ మొదలవలేదు. ఆ నిశ్శబ్దానికి దెబ్బలకన్నా ఎక్కువ భయం వేసింది సోనికి. అరుగుమీద ఉన్న మనిషి ఏమైపోయింది?

అతను వాచీ బెల్టు బిగించుకుంటూ బయటికి వెళ్ళిపోయాక, సోని గోడ పట్టుకుని గుమ్మందాకా వచ్చింది. అత్త అక్కడే ఉంది. ఒలవని కాయ ఒకటి రెండు చేతుల మధ్య పట్టుకుని, గుమ్మంకేసి చూస్తోంది.

"వాచీ తీసినాడా?" అంది.

సోని తల ఊపింది.

అత్త ఆ కాయని చేటలో పెట్టింది. లేచి పసుపు నూరి తెచ్చి, సోని పెదవికి రాసింది. రాస్తున్న వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి.

గూడెం పెద్దల దగ్గరికి వెళ్ళింది కామేషే. గాలి ముదిరిపోయిందనీ, తన చేత ఎప్పుడో చంపించేసేలా ఉందనీ, దిసారిని పిలిపించి దింపించమనీ అడిగాడు. పెద్దలు జాలిపడ్డారు. కుర్రాడు మంచివాడు, ఊళ్ళో ఎవరికి ఒంట్లో బాగుండకపోయినా జీపు తీస్తాడు, అన్నారు. మర్నాడు మధ్యాహ్నం మంచిదని దిసారి చెప్పాడు. గెడ్డ ఒడ్డున, నల్లరాయి దగ్గర.

*

ఆ రోజు మధ్యాహ్నమే మంచు మళ్ళీ దిగింది. గెడ్డకి అవతలి గట్టు కనిపించడం లేదు. దిసారి సన్నటి మనిషి, నడివయసు దాటినవాడు. బియ్యప్పిండితో, పసుపుతో, బొగ్గుపొడితో నేలమీద మూడు గీతలు చుట్టుముట్టి వచ్చేలా గీశాడు. మధ్యలో సోనిని కూర్చోబెట్టి జుట్టు విరబోయించాడు. కాళ్ళు కట్టిన నల్లకోడిపెట్ట ఒక పక్కన కన్ను తిప్పుతోంది. నిప్పుల్లో కొడవలి కొన పెట్టి ఉంది. గూడెమంతా గీతకి బయట నిలబడింది. కనక, ఆమె మొగుడు సాయినాథ్ ముందు వరసలోనే ఉన్నారు. ఎవరూ గీత దగ్గరికి రావడం లేదు.

దిసారి చేటలో బియ్యం ఊపుతూ ముసిలిని పిలిచాడు. కొండల పేర్లు, గెడ్డల పేర్లు చెప్పి, ఏ గెడ్డలో ఉన్నా లేచి రమ్మన్నాడు. చేట ఊగే చప్పుడుకి సోనికి కళ్ళు తిరిగాయి. నిప్పుల్లో మిరపకాయలు పడ్డాయి. పొగ మంచులో పైకి లేవలేక నేలమీదే పాకి ఆమె గొంతులోకి దిగింది.

"ఎవులివి నువ్వు?" అన్నాడు దిసారి.

"సోనిని."

"నిజం సెప్పు. ఎవులివి?"

"సోనిని. నాను సోనినే."

"గాలి అబద్దమాడతాది," అన్నారు వెనకనుంచి ఎవరో.

దిసారి కొడవలి తీశాడు. కొన ఎర్రగా ఉంది. భుజాలు పట్టుకోవాలి, మొగుడే పట్టాలి, అన్నాడు. కామేష్ ముందుకి వచ్చాడు. గీత దగ్గర ఆగి, వాచీ బెల్టు విప్పి, పక్కనున్న తల్లికి అందించాడు.

"అమ్మా, పట్టుకో."

సోని పొగలోంచి చూస్తోంది. అత్త అరచేతిలో వాచీ ఉంది. ఆమె దాన్ని చూస్తోంది. తర్వాత వంగి, వాచీని నల్లరాతిమీద పెట్టి, మూడు గీతలూ తొక్కుకుంటూ లోపలికి నడిచింది. జనం ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. గీత తొక్కితే మనిషి మిగలదంటారు. అత్త సోనికి ముందు, కొడవలికి అడ్డంగా, నేలమీద చతికిలబడింది. కొంగూ ముడీ జారి, తెల్లజుట్టు ఒట్టి వీపుమీద పడింది. ఆ జుట్టు సందుల్లోంచి పాత వాతలు కనిపిస్తున్నాయి.

దిసారి చెయ్యి గాలిలో ఆగింది.

"ఎవులివి?" అన్నాడు. ఈసారి గొంతు మారింది.

"గురుబారిని."

జనంలో గుసగుస. గురుబారి ఎవరు? ముసిలి పేరు అది కాదు. ఈ గూడెంలో ఆ పేరుగలది ఎవరూ లేరు. అత్తని ఊళ్ళో బుధు ఇంటిది అంటారు. కామేషు తల్లి అంటారు. రేషను కార్డు మీద లక్ష్మి అని ఉంది, కార్డులు రాసినాయనకి ఆ పేరు సులువని పెట్టాడు. సోనికి కూడా ఆ పేరు కొత్తే.

"ఏ ఊరు గురుబారివి?"

"పనసపుట్టు. గురువారం పుట్టినానని మా అమ్మ ఎట్టిన పేరు."

"ఎప్పుడు సచ్చిపోయినావు?"

"సావనేదు. బతికే ఉన్నాను. ఇదిగో సెయ్యి, ముట్టుకుని సూడండి."

చాచిన చేతిని చూసి ముందు వరసవాళ్ళు వెనక్కి తగ్గారు. ఒక పిల్ల ఏడుపు అందుకుంది. కామేష్ ముఖం పాలిపోయింది.

"అమ్మా, లే! ఏటిది?"

"ముట్టుకోకు," అన్నాడు దిసారి. "ఇప్పుడది మీ అమ్మ కాదు."

"నాను మీ అమ్మనేరా," అంది అత్త. "నీకు పాలిచ్చినదాన్నే. ఇనండి. ముసిలి గెడ్డలో పడనేదు. ఈడి అయ్య నన్ను కొడతన్నాడు. సొక్కా సిరిగిపోద్దని ముందే ఇప్పి తాడుమీద ఆరేసి, అప్పుడు కొట్టీవోడు. ఆ పొద్దు రోకలి తీసినాడు. ముసిలి అడ్డమొచ్చింది. నా మీద పడాల్సిన దెబ్బ ఆలమ్మ తలమీద పడిపోనాది. ఇంటోలే మోసుకొచ్చి ఇక్కడ పడీసినారు. నాకోసం సచ్చిపోయినదానికి గాలని పేరెట్టినారు. నన్ను కొట్టిన పెతీ దెబ్బా అదే కొట్టించిందన్నారు. నానూ అలాగే అన్నాను. అనకపోతే నన్నూ మోసుకొచ్చీవోరు."

సోనికి అత్త ముఖం కనిపించడం లేదు. వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ గొంతు మాత్రం అత్తది కాదు. ఇంట్లో వినే అరిగిపోయిన గొంతు కాదు. తనకన్నా చిన్నపిల్ల ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంది.

"గాలి నేదు," అంది ఆ గొంతు. "ఏనాడూ నేదు."

"గాలే మాటాడతంది," అన్నాడు ఒక పెద్దాయన వెనక్కి జరుగుతూ. "సూడండి, ఎంత నిబ్బరంగా మాటాడతందో. ఆయమ్మ ఇలగ ఏనాడైనా మాటాడినాదా?"

అందరూ తలలూపారు. కనక చేతులు జోడించింది.

అత్త తల తిప్పి ఒక్కొక్కరినే చూసింది. వీళ్ళందరికీ ఆమె పురుళ్ళు పోసింది, విత్తనాలు అరువిచ్చింది, పక్కపక్కన కాఫీ కోసింది. ఒక్కరూ ఆమెని గుర్తుపట్టడం లేదు. చివరికి దిసారి వైపు చూసింది. దిసారి కూడా ఆమె కళ్ళలోకి చాలాసేపు చూశాడు. అప్పుడు అతని చూపు ఆమె భుజం మీదుగా వాతలమీదికి వెళ్ళింది. అవి తన తండ్రి పెట్టినవి. అతను కొడవలిని గెడ్డ నీళ్ళలోకి విసిరేశాడు. అది చుయ్‌మంది.

"ఏటి కావాలి గురుబారీ?" అన్నాడు.

గాలిని పంపేముందు అడిగే ప్రశ్న అది. కోడి కావాలంటుంది, కల్లు కావాలంటుంది, కొత్తచీర కావాలంటుంది. ఇచ్చి పంపాలి. ఇవ్వకపోతే గూడెం నిలవదు. ఈ గూడేనికి వచ్చిన నాటినుంచి అత్తని ఎవరైనా ఆ మాట అడిగారా అని సోని తర్వాత చాలాసార్లు అనుకుంది. అప్పుడు మాత్రం, తన ముందున్న వీపు బిగుసుకుని, మెల్లిగా నిటారుగా అవడం చూసింది.

అత్త మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు బొంగురుగా, లోతుగా, నేలలోంచి వచ్చినట్టుంది.

"ఈ గుంటని వొగ్గీయండి. దీని ఒంట్లో ఏటీ నేదు. ఇది ఏ ఇంటికెల్తే ఆ ఇల్లు సల్లగుంటాది. దీనికి గాలని పేరెట్టినోడి పంట నాను తినీసెల్తాను."

"వొగ్గీసినాం," అన్నారు పెద్దలు.

"ఈడు నా కంచె దాటి లోపలికి రాకూడదు. ఆడదానిమీద సెయ్యెత్తినోడెవుడూ నా కంచె దాటకూడదు."

"రాడు. రారు."

"ముసిలిని ఇంక గాలనకండి. పెద్దమ్మనండి."

"అంటాం తల్లీ."

"కోడి వొద్దేటి?" అన్నాడు దిసారి.

"దాన్నీ వొగ్గీయండి," అంది అత్త.

*

ఆ రోజునుంచి కామేష్ ఇంటికి రాలేదు. కూడలి దగ్గర జీపులోనే పడుకుంటున్నాడట. ఒక పొద్దున వచ్చి కంచె అవతల నిలబడి, "అమ్మా, నా బట్టలు," అని పిలిచాడు. అత్త మూటకట్టి తీసుకెళ్ళి కంచెకర్రకి తగిలించి వెనక్కి వచ్చింది. అతను ఆమె దూరంగా వెళ్ళేదాకా ఆగి, మూట తీసుకున్నాడు. ఏదో అనబోయి, ఆమె తిరిగి చూడగానే గబగబా వెళ్ళిపోయాడు.

ఊళ్ళోవాళ్ళు వాకిలి దాకా రావడం మానేశారు. పొద్దున్నే చూస్తే కంచె బయట గుమ్మడికాయో, దోసెడు రాగులో ఒక ఆకుమీద పెట్టి ఉండేవి. కాఫీ కోతకి అత్త ఏ వరసలోకి వెళ్తే ఆ వరస ఖాళీ అయ్యేది. ఆమె ఒక్కతే నిదానంగా కోసుకునేది.

సోని పుట్టింటికి కబురు అందింది. ఏ ఇంటికెళ్తే ఆ ఇల్లు చల్లగుంటుందన్న మాట కొండ దాటి వెళ్ళింది. తండ్రే ఫోను చేసి, అన్నని పంపుతున్నానన్నాడు. ఆ పొద్దున రోడ్డుమీద రవిబాబు బండి హారన్ మోగినప్పుడు అత్త టార్పాలిన్ ముందు కూర్చుని గింజలు తిరగేస్తోంది. మంచు ఇంకా విడలేదు.

"నాతో వచ్చీ అత్తా," అంది సోని, మూట చంకన పెట్టుకుని.

"నాను ఎల్లిపోతే ఈ ఇంట్లో గాలి నేదని తెలిసిపోద్ది."

సోని నిలబడే ఉంది.

"ఆ రోజు మాటాడింది నువ్వేనా?"

అత్త అరచేత్తో గింజలు నెరపుతూ ఆలోచించింది.

"మొదట నానే. ఆల్లు ఇననేదు. తరవాత ఆల్లకి ఎవులు కావాలో ఆలే మాటాడినారు." రోడ్డువైపు చూసి అంది, "బేగి ఎల్లు. మీ అన్న సలిలో నిలబడినాడు."

సోని రెండడుగులు వేసిందో లేదో, మంచులోంచి పరుగు చప్పుడు వచ్చింది. కంచె తడిక తోసుకుని కనక లోపలికి వచ్చింది. జుట్టు ఊడిపోయింది. ఒక కన్ను మూసుకుపోయి ఉంది. చెవి దగ్గర నెత్తురు. నేరుగా వచ్చి అత్త వెనక అరుగు మూలలో ఒదిగి, మోకాళ్ళలో తల పెట్టుకుంది.

"గురుబారమ్మా," అంది.

వెనకే సాయినాథ్. చేతిలో కట్టెపేడు. కంచె దగ్గరికి వచ్చి, ఒక కాలు లోపల పెట్టబోయి, టార్పాలిన్ ముందున్న మనిషిని చూశాడు.

అత్త తలెత్తలేదు. తెల్లజుట్టు ముఖం మీద పడి ఉంది. గింజలు తిరగేస్తూనే ఉంది. మంచు ఆమె చుట్టూ మెల్లిగా కదులుతోంది. సాయినాథ్ ఎత్తిన కాలు ఎత్తినట్టే పెట్టుకుని నిలబడ్డాడు. కాలు వెనక్కి తీసుకున్నాడు. కట్టెపేడు జారి కింద పడింది. వంగి తీసుకోలేదు. వెనక్కి వెనక్కి నడిచి, మంచులో కలిసిపోయాక, పరుగెత్తిన చప్పుడు వినిపించింది.

రోడ్డుమీద హారన్ మళ్ళీ మోగింది. సోని మూట కింద పెట్టి అత్త పక్కకి వెళ్ళి కూర్చుంది. దగ్గర్నుంచి చూస్తే అత్త చేతులు రెండూ మణికట్ల దాకా వణుకుతున్నాయి. గింజలు తిరగేయడం ఎప్పుడో ఆగింది. ఇంకా తిరగేస్తున్నట్టు కనిపించింది ఆ వణుకువల్లే. మూలనుంచి కనక, మోకాళ్ళమీంచి కొంచెం తలెత్తి, ఇటే చూస్తోంది.

సోని పక్కనున్న గింజల్ని దోసిలితో దగ్గరికి తీసి, కనకకి వణుకు కనిపించకుండా, ఆ చేతులమీద పోసింది.